తిడితేగానీ తినని చేప

పళ్ళాయన ఆ చేపను కొన్నది దాని పళ్ళు చూసి.

ఆయన కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే వాటిలో సుద్ద పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపిస్తాడు. వీధి మలుపులో ఒక గది, బయట 'ఇచ్చట పళ్ళు తయారు చేయబడును' అని బోర్డు. అది పైపైన చదివి, ద్రాక్ష ఉందా అని లోపలికొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లేదని చెప్పి పంపిస్తాడుగానీ బోర్డు మాత్రం మార్పించడు. రాసినవాడు నొచ్చుకుంటాడేమోనని భయం. అంత నోట్లో నాలుక లేని మనిషి.

ఒకరోజు ఇంటికి వెళుతుంటే దారిలో వాన పట్టుకుంది. పక్కనే ఉన్న చేపల దుకాణంలోకి దూరాడు. ముందు గదినిండా రంగురంగుల చేపలు. వెనక గదిలో, మసక దీపం కింద, మూరెడు పొడవున్న వెండిరంగు చేప ఒకటి నీళ్ళ మధ్యలో కదలకుండా నిలబడి ఉంది. ఆయన వంగి చూస్తుండగా అది ఆవులించినట్టు నోరు తెరిచింది. సూదుల్లాంటి పళ్ళు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. అన్నీ ఒకే వాలుతో లోపలికి వంగి ఉన్నాయి. ఇన్నేళ్ళ పనిలో అంత పొందికైన పలువరస ఆయన కంటపడలేదు.

దుకాణదారు నిజాయితీగానే చెప్పాడు. అది సిక్లిడ్ జాతి చేపట. దాని చుట్టాలంతా ఒడ్డున రాళ్ళ మధ్య సోకు చేసుకుని బతుకుతుంటే, ఇది మాత్రం పెద్ద సరస్సు నడిమధ్య, వెలుతురు అందీ అందని లోతులో, చిన్న చేపలను తరిమి మింగి బతుకుతుందట. పొడవాటి తొట్టి కావాలి. దీపం మసకగా ఉండాలి. బెదిరితే పోయి అద్దానికి గుద్దుకుంటుంది. ఇదివరకు కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చిచ్చారని కూడా చెప్పాడు. ఎందుకిచ్చారని అడిగితే మాత్రం, గుడ్డ తీసుకుని అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు.

పళ్ళాయన భార్య కారు నడపడం నేర్పుతుంది. రోజంతా కొత్తవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద ఉన్న రెండో బ్రేకును నమ్ముకుని లారీల మధ్య తిరిగొచ్చే మనిషి. ఇంట్లో దేనికీ ఉలిక్కిపడదు. గోడ పొడవునా తొట్టి దిగినప్పుడు సోఫాను బాల్కనీలోకి జరిపించింది, అంతే. కాకపోతే మనసు బాగోలేనప్పుడు ఆవిడ కుడికాలు తనకు తెలియకుండానే నేలను నొక్కుతుంటుంది. ఆ సాయంత్రం కాసేపు నొక్కింది.

చేప తినలేదు. గుళికలు వేస్తే అవి ముక్కు పక్కనుంచి రాలిపోయాయి. ఐసులో పెట్టిన చిన్న చేపలను కరిగించి పట్టకారుతో నోటిముందు ఆడిస్తే, పెళ్ళిలో పేరు తప్పుగా పిలిచినట్టు మొహం తిప్పుకుంది. రొయ్యలు తరిగి వేస్తే రొయ్యలు కుళ్ళి నీళ్ళు మార్చాల్సి వచ్చింది. దుకాణదారుకు ఫోన్ చేస్తే, తొట్టికి మూడు వైపులా నల్లకాగితం అంటించమన్నాడు. అంటించారు. మనుషులు ఎదురుగా తిరగొద్దన్నాడు. గోడవారగా నడిచారు. బతికున్న చిన్న చేపలను వదలమన్నాడు. వదిలారు. ఆ చిన్నవి మొదట మూల నక్కి, దీనివల్ల తమకేం భయం లేదని తెలుసుకుని, రాలిన గుళికలన్నీ తిని బొద్దుగా తయారయ్యాయి. పెద్దది మాత్రం వాటి మధ్య నిలబడి చిక్కిపోతోంది.

"ఆడపిల్ల లేకుండానే అల్లుణ్ణి తెచ్చారండీ," అంది భార్య. "కూర్చోబెట్టి బతిమాలినా ముట్టడం లేదు."

అప్పటినుంచీ దాని పేరు అల్లుడైంది.

ఆ తొట్టికి పెద్ద మోటారు. దాని మూలుగు నేలలోకి దిగి కింది ఇంటికి వెళ్ళింది. కింది ఇంట్లో అనౌన్సరమ్మ ఒక్కతే ఉంటుంది. ఉద్యోగమంతా రైల్వేస్టేషన్‌లో, గాజు గదిలో, మైకు ముందు చేసి రిటైరైంది. మైకు పోయిందిగానీ గొంతు పోలేదు. ఆవిడ మెట్ల మీద ఎవరితోనైనా ఒక్కమాట అంటే భవనంలో ఆఖరి అంతస్తు దాకా వినబడుతుంది. ముక్కు మీదే కోపం. ఒక సాయంత్రం తలుపు తట్టి, తీయగానే నేరుగా హాల్లోకి వచ్చేసింది.

"దయచేసి వినండి," అంది. అది ఆవిడకు అలవాటు. "మీ ఇంట్లో ఏదో మూలుగుతోంది. మనిషైతే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మిషనైతే ఆపండి. నా మంచం వణుకుతోంది, నా గ్లాసులు వణుకుతున్నాయి, రేపోమాపో నేనూ వణుకుతాను. ముసల్దానికి వణుకు మామూలే అనుకుంటారు అందరూ, మీ మీద అనుమానం కూడా రాదు."

వెనక నీళ్ళలో ఏదో బుళుక్కుమంది. పళ్ళాయన తిరిగి చూశాడు. అల్లుడు తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు వెండిగీతలా సాగింది. బొద్దుగా ఉన్న చిన్న చేప ఒకటి మాయమైంది. అనౌన్సరమ్మ మోటారును, మోటారు కనిపెట్టినవాణ్ణి, ఇల్లు కట్టిన మేస్త్రిని వరసగా తిట్టుకుంటూ పోతోంది. అల్లుడు ఇంకొకదాన్ని మింగాడు. పళ్ళాయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తన మాటలకే కదిలిపోయాడనుకుని ఆవిడ కాస్త మెత్తబడి వెళ్ళిపోయింది. తలుపు మూసుకోగానే అల్లుడు మళ్ళీ కొయ్యబొమ్మ.

మొదట కాకతాళీయం అనుకున్నారు. మర్నాడు పళ్ళాయన చేతిలోంచి కుర్చీ జారిపడి, ఆవిడ మళ్ళీ వచ్చి తిట్టినప్పుడు అల్లుడు పట్టకారుతో ఇచ్చిన చచ్చిన చేపను కూడా లాక్కుని తిన్నాడు. ఇక అనుమానం లేదు. అయినా అన్ని రకాలుగా పరీక్షించి చూశారు. ఆవిడ తిట్లను ఫోన్లో రికార్డు చేసి తొట్టి పక్కన వినిపించారు. చలనం లేదు. భార్యాభర్తలు ఎదురెదురుగా నిలబడి తిట్టుకోబోయారు. పళ్ళాయనకు మాటలు దొరకలేదు, భార్యకు నవ్వాగలేదు. చివరికి అనౌన్సరమ్మను మర్యాదగా కాఫీకి పిలిచారు. ఆవిడ మంచి చీర కట్టుకుని వచ్చి, చాలా తియ్యగా మాట్లాడి, చేప చక్కగా ఉందని మెచ్చుకుంది. అల్లుడు వెళ్ళి రాయి వెనక దాక్కున్నాడు. నిజమైన కోపమే కావాలి వాడికి.

ఆ విధంగా ఎవరికీ కీడు తలపెట్టని ఆ ఇద్దరూ రోజూ సాయంత్రం పొరుగింటావిడ ఓర్పును పరీక్షించే పనిలో పడ్డారు. భార్య కుర్చీలు లాగింది. తడి తివాచీని సరిగ్గా కింది బాల్కనీలో ఆరిన బట్టల మీదుగా వేలాడదీసింది. పళ్ళాయన పనిగదిలోంచి వణుకుయంత్రాన్ని తెచ్చాడు. అచ్చులో పోసిన సుద్దలోంచి బుడగలు పోవడానికి దాన్ని వాడతారు. దాన్ని నేలమీద పెట్టి మీట నొక్కేవాడు. నొక్కేముందు కిందవైపు చూసి మనసులో క్షమాపణ చెప్పుకునేవాడు. మెట్లమీద చెప్పుల చప్పుడు వినగానే భార్య తలుపు గడియ తీసి ఉంచేది, ఆయన గిన్నె, పట్టకారు పట్టుకుని తొట్టి దగ్గర సిద్ధంగా నిలబడేవాడు.

అల్లుడు నిగనిగలాడాడు. అనౌన్సరమ్మ కూడా మెట్లెక్కీ దిగీ కాస్త సన్నబడింది. తిట్టడంలోనూ రోజుకో కొత్తదారి తొక్కుతోంది. ఒకరోజు వాళ్ళింటి చప్పుళ్ళను రైళ్ళతో పోల్చి, ఏది ఎన్ని గంటలకు బయలుదేరి ఏ గది మీదుగా వెళ్ళి ఎక్కడ ఆగుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ సాయంత్రం అల్లుడు గిన్నె ఖాళీ చేసి ఇంకా కావాలన్నట్టు చూశాడు.

అయితే ఉద్యోగమంతా గాజు వెనక కూర్చుని జనాన్ని గమనించిన మనిషి కళ్ళను ఎన్నాళ్ళని కప్పగలరు? తిడుతూ తిడుతూ ఒకరోజు సగంలో ఆగింది. పళ్ళాయన చేతిలో పట్టకారు కూడా ఆగింది. మళ్ళీ అందుకుంది. పట్టకారు కదిలింది. మళ్ళీ ఆగింది.

"ఏం చేస్తున్నావు బాబూ?" అని అడిగింది.

ఆయనకు అబద్ధం ఆడటం రాదు. అంతా చెప్పేశాడు. భార్య కాలు నేలను గట్టిగా నొక్కింది, కానీ అక్కడ బ్రేకు లేదు.

అనౌన్సరమ్మ కొంగు సర్దుకుని, వెళ్ళొస్తానని చెప్పి, తలుపు చప్పుడు కాకుండా వేసి మరీ వెళ్ళింది. మర్నాటినుంచీ ఆవిడ మర్యాదను భరించడం ఎవరి తరమూ కాలేదు. వణుకుయంత్రం అరగంట ఆడినా రాలేదు. మెట్లమీద ఎదురైతే, ఇల్లన్నాక చప్పుళ్ళుంటాయి, నాకేమీ ఇబ్బంది లేదు అంది. తడి తివాచీనుంచి కారిన నీళ్ళకు తడిసిన తన బట్టలను పిండి మళ్ళీ ఆరేసుకుంది. జారి తన బాల్కనీలో పడిన వీళ్ళ తివాచీని కూడా మడతపెట్టి, గుమ్మంలో పెట్టి పోయింది.

అల్లుడు మళ్ళీ నిరాహారదీక్షకు దిగాడు.

భార్యాభర్తలు వెళ్ళి బతిమాలారు. తనను చేపల మేతలా వాడుకున్నారని ఆవిడ మనసు నొచ్చుకుంది. అది పైకి చెప్పలేదు. తిప్పగానే రావడానికి కోపమేమీ కుళాయి నీళ్ళు కాదని మాత్రం అంది. పాపం, ఒకసారి ప్రయత్నించింది కూడా. పైకి వచ్చి, తొట్టి ముందు నిలబడి, మోటారును ఉద్దేశించి కొన్ని మాటలంది. అన్నీ ఉప్పులేని కూరలా ఉన్నాయి. అల్లుడు తోకైనా కదపలేదు.

అప్పుడు పళ్ళాయన ఒక తప్పు చేశాడు. పక్కటెముకలు తేలిన చేపను చూస్తూ, ఏం చేసైనా ఈవిడకు కోపం తెప్పించాలన్న తపనలో, తన జీవితంలో మొదటిసారి ఒక మనిషికి గుచ్చుకునే మాట వెతికి తీశాడు.

"అసలు స్టేషన్లో మీరు చెప్పేది ఎవరికీ అర్థమయ్యేది కాదు పెద్దమ్మగారూ," అన్నాడు. "అందరూ పక్కవాణ్ణి అడిగి రైలెక్కేవాళ్ళు."

ఆవిడ ముఖంలోకి కోపం వస్తుందని చూస్తూ నిలబడ్డాడు. రాలేదు. ఆవిడ మొహం మెల్లగా చిన్నదైపోయింది. తలూపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఎప్పుడూ రెయిలింగు పట్టుకునే దిగే మనిషి, ఆరోజు దాన్ని ముట్టుకోలేదు.

భార్య నెమ్మదిగా, తన దగ్గర నేర్చుకునేవాళ్ళు చెట్టుకు గుద్దినా తాను ఎప్పుడూ విసుక్కోలేదనీ, ఈరోజు మాత్రం ఆయన పక్కన కూర్చోవాలంటే సిగ్గుగా ఉందనీ చెప్పింది. పళ్ళాయనకు తల కొట్టేసినట్టయింది. ఆ చేప ఇంక ఈ ఇంట్లో వద్దని అక్కడే తీర్మానించుకున్నాడు.

మర్నాడు సాయంత్రం సుద్దపొడి వచ్చే పెద్ద మూతడబ్బాను కడిగి, దాన్ని తొట్టిలోని నీళ్ళతో నింపి, అల్లుణ్ణి వలతో పట్టి అందులోకి దించాడు. మిగిలిన చిన్న చేపలు కూడా దుకాణానివే కదా అని వాటినీ అందులోనే వేశాడు. ఎలాగూ వాడు వాటి జోలికి పోడు. డబ్బా రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగుతూ అనౌన్సరమ్మ గుమ్మం ముందు ఆగాడు. డబ్బా కింద పెట్టి తలుపు తట్టాడు.

తలుపు తీసిన మనిషి అందంగా, మర్యాదగా, పరాయిగా ఉంది. ఆయన డబ్బా చూపించి, చేపను తిరిగి ఇచ్చేస్తున్నానని చెప్పాడు. నిన్న తానన్నది పచ్చి అబద్ధమనీ, కోపం తెప్పించడానికి అన్నాననీ, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాననీ అన్నాడు. పళ్ళ పని నేర్చుకునే రోజుల్లో రోజూ రైల్లోనే వెళ్ళేవాణ్ణని, ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా తనకు అర్థమైందని చెప్పాడు.

"ఓదార్చడానికి అంటున్నావు," అందావిడ.

"కాదండీ. నాకిప్పటికీ నోటికొచ్చు."

"ఏదీ, చెప్పు."

పళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. చేతులు కట్టుకుని, బడిలో పిల్లాడిలా నిటారుగా నిలబడి, గోడవైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"దయచేసి వినండి. ప్రయానికులకు విజ్ఞప్తి. మరికొద్ది సేపట్లో..."

"ఏమన్నావు?"

"ప్రయానికులకు విజ్ఞప్తి అని..."

"ప్రయానికులా?" ఆవిడ గొంతు ఒక మెట్టు పైకెక్కింది. "నేనెప్పుడన్నాను ప్రయానికులని? ప్రయాణికులు. ణ. నాలుక పైకి మడిచి కొట్టాలి. పళ్ళు చేసేవాడివి, నోరెలా పనిచేస్తుందో నీకు తెలియదా? జలుబు చేసినా, జ్వరమొచ్చినా, మా ఆయన పోయిన నెల కూడా, ఒక్క ణ జారనివ్వలేదు నేను. ఆ స్టేషన్లో రైళ్ళు ఆలస్యంగా వచ్చాయేమోగానీ నా ణ ఆలస్యంగా రాలేదు. అంతా విన్నానంటాడు, అర్థమైందంటాడు, తీరా నా నోటి మాటను నా గుమ్మంలోనే నిలబెట్టి ఖూనీ చేస్తాడు."

డబ్బా మూత దబ్బున ఎగిరిపడింది. నీళ్ళు చిందాయి. లోపల బుళుక్కు, బుళుక్కుమని రెండు చప్పుళ్ళు. తర్వాత నిశ్శబ్దం.

ఇద్దరూ డబ్బాలోకి వంగి చూశారు. అల్లుడి నోట్లోంచి ఒక తోక బయటకు ఉంది. చూస్తుండగానే అది కూడా లోపలికి పోయింది. చిన్న చేప మరొక్కటే మిగిలింది. అది డబ్బా అంచుకు అతుక్కుపోయి ఉంది.

అనౌన్సరమ్మ అల్లుణ్ణి అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూసింది. "ఆకలిమీదున్నాడు పాపం," అంది. ఆ తర్వాత గుమ్మంలో నీళ్ళు తుడవమని గుడ్డ తెచ్చిచ్చి, వార్తల వేళైంది, తుడిచి లోపలికి రా అంది. డబ్బాను కూడా లోపలికి తెమ్మంది.

అసలు విషయం అక్కడ తెలిసింది. అనౌన్సరమ్మ ప్రతి సాయంత్రం టీవీలో వార్తలు చూస్తుంది. దేశం ఏమవుతోందో తెలుసుకోవడానికి కాదు. చదివేవాళ్ళ తప్పులు పట్టుకోవడానికి. తెరమీది అమ్మాయి నీళ్ళను నీల్లు అంది. అనౌన్సరమ్మ కుర్చీలోంచి సగం లేచి, ఆ అమ్మాయికి, ఆమెను కూర్చోబెట్టినవాళ్ళకు, ఆమెకు అక్షరాలు దిద్దించినవాళ్ళకు కలిపి ఒకేసారి విజ్ఞప్తి చేసింది. డబ్బాలో ఆఖరి చిన్న చేప కథ ముగిసింది. పళ్ళాయన తడిగుడ్డ పట్టుకుని నేలమీద అలాగే కూర్చుండిపోయాడు. ఈ కోపం ఎవరూ తెప్పించక్కర్లేదు. రోజూ వేళకు వస్తుంది, టీవీ ఉన్నంతకాలం ఆగదు.

ఆవిడను పైకి వచ్చి వార్తలు చూడమని అడిగారు. నా వార్తలు నా ఇంట్లోనే అంది. కాబట్టి తొట్టే కిందికి దిగింది. దిగడానికి భార్య తన దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళను పిలిపించింది. ఇంకా లైసెన్సు రాని నలుగురు, తలో మూల పట్టుకున్నారు. ఆవిడ మెట్లమీద వెనక్కి నడుస్తూ, కొంచెం ఎడమ, నెమ్మది, అద్దం చూసుకోండి, ఇప్పుడు రివర్స్ అని చెబుతూ దింపించింది. మలుపు దగ్గర ఒక్కసారి మాత్రం నలుగురూ ఒకేసారి కుడికి తిరగబోయారు. ఆవిడ కాలు మెట్టును నొక్కింది. అందరూ టక్కున ఆగారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం పళ్ళాయన గిన్నె, పట్టకారు పట్టుకుని కింది ఇంటికి వెళతాడు. పని నుంచి తిరిగొచ్చాక భార్య కూడా అక్కడికే చేరుతుంది. దీపాలార్పి, ముగ్గురూ టీవీ ముందు కూర్చుంటారు. వార్తలప్పుడు మాట్లాడకూడదు. పైన వాళ్ళ హాలు ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంటుంది. సోఫా మాత్రం ఇంకా బాల్కనీలోనే ఉంది, అక్కడే బాగుందని వదిలేశారు. మోటారు మూలుగు గురించి అనౌన్సరమ్మను అడిగితే, ఏ మూలుగు అంటుంది.

మధ్యలో ఒక్క సాయంత్రం కాస్త గడ్డుగా గడిచింది. టీవీలో కొత్త అమ్మాయి వచ్చింది. మొదటి వార్తలోనే ణ వచ్చింది. గంట కొట్టినట్టు పలికింది. ళ వచ్చింది. పలికింది. శ, ష, స మూడూ మూడు రకాలుగా పలికింది. అనౌన్సరమ్మ ముందుకు వంగింది. తొట్టిలో అల్లుడు కదలకుండా నిలబడ్డాడు. పళ్ళాయన పట్టకారుకు చేపను తగిలించుకుని ఎదురుచూస్తున్నాడు. ఆటల వార్తలు కూడా అయిపోయాయి. ఒక్క పొల్లు జారలేదు.

భార్య గొంతు తగ్గించి, వేరే చానల్ పెట్టమంటారా అని అడిగింది.

"వద్దు," అంది అనౌన్సరమ్మ. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "విననివ్వండి. ఎన్నాళ్ళకు విన్నాను."

పళ్ళాయన ఆ చేప కోసం ఆవిడ సంతోషం పాడుచెయ్యదలచుకోలేదు. ఒక్కపూట తినకపోతే అల్లుడు చచ్చిపోడులే అనుకున్నాడు. ఆయన కూడా వార్తల్లో పడిపోయాడు. వాతావరణం మొదలైంది. చేతిలోని పట్టకారు నుంచి చేపనీళ్ళు బొట్టుబొట్టుగా కారి, ఆవిడ కొత్తగా పరిచిన తివాచీ మీద అరచేయంత మరక కట్టడం ఆయన చూసుకోలేదు.

అనౌన్సరమ్మ చూసింది.

"దయచేసి వినండి," అంది.

తొట్టిలో అల్లుడు ఇటు తిరిగాడు.